దడి పోయాక మిగిలిన బొమ్మ

ఈనిడ్ పేరెత్తితే ఇంగ్లండ్‌లోని మా డెవన్ పల్లెలో ఇప్పటికీ నవ్వుతారు, తమ్ముడి పొలంలో టీ కార్డులకు మేకులు కొట్టిన పిచ్చిదని. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బడి వంటగదిలో ఆమె వడ్డించింది తిని పెరిగినవాళ్ళే వీళ్ళంతా!

మా చిన్నప్పుడు టీ పొట్లాల్లో ఆ కార్డులు వచ్చేవి. పొలాల మధ్య పొదల దడుల్లో బతికే పిట్టలు, పురుగులు, జంతువుల బొమ్మలు. ఇంకో పొట్లం కొనమని ఇంట్లో ప్రాణాలు తీసేవాళ్ళం. ఈనిడ్‌కు ఒక్కటే దొరకలేదు, చలికాలమంతా నిద్రపోయే బుల్లి డార్‌మౌస్ ఎలుక. అది నా దగ్గరుండేది. ఆమె తమ్ముడు క్లెమెంట్ తన మడతకత్తి నాకిచ్చి, ఆ కార్డు అక్కకు పట్టుకెళ్ళాడు.

పెద్దయ్యాక పొలం వాడికొచ్చింది. ట్రాక్టరుకు అడ్డమని దడులన్నీ పీకించి ముళ్ళతీగ లాగాడు. వాగు పక్క దడి ఒక్కటే మిగిలింది. నిజం డార్‌మౌస్‌లు ఇక అందులోనే ఉన్నాయి. దాన్నైనా వదలమని ఈనిడ్ అడిగినప్పుడల్లా "చూద్దాంలే అక్కా" అనేవాడు. తీరా ఒక ఆదివారం, మర్నాడే దాన్నీ పీకే యంత్రం వస్తోందని తెలిసింది.

ఈనిడ్ సుత్తి పట్టుకుని బయల్దేరింది. తీగ కంచె గుంజలకు ఒక్కో కార్డూ కొడుతుంటే మేకులు నేనే అందించాను. క్లెమెంట్ పరుగెత్తుకొచ్చాడు.

"మతిపోయిందా అక్కా? పూర్తి సెట్టది! మేకు దిగితే ఇంకెవడు కొంటాడు?"

"అమ్ముకోడానికా రా దాచుకుంది? ఇవన్నీ ఇక్కడ బతికినవే. ఎక్కడివక్కడ పెడుతున్నా."

"ఊరంతా చూస్తోంది. నా పరువు తియ్యకు."

"దడులు పీకించినప్పుడు చూళ్ళేదేం ఊరు?"

చివరికి డార్‌మౌస్ కార్డు వాడి చేతిలో పెట్టింది. "ఇది నువ్వు తెచ్చిందే. నువ్వే కొట్టు. కొట్టలేవా, ఆ దడి వదిలెయ్."

వాడు కళ్ళు తుడుచుకుని కార్డును భద్రంగా జేబులో పెట్టుకున్నాడు. దడి దక్కిందనుకుని మేమిద్దరం ఇంటికెళ్ళి టీ తాగాం.

మర్నాడు పొద్దున్నే యంత్రం వచ్చింది. సాయంత్రానికి దడి లేదు.

గుంజల మీది కార్డులు వానకు నానిపోయాయి. ఈనిడ్ మళ్ళీ తమ్ముడి గడప తొక్కలేదు. వాడు మాత్రం జేబులోని కార్డుకు అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాడు, సిగ్గులేకుండా. "మా అక్క ఇచ్చింది. ఎంత ముద్దుగా ఉందో చూడు" అని నాకే చూపించాడు.

నేను మడతకత్తి తీసి బల్ల మీద పెట్టాను.

"నీ కత్తి నువ్వు తీసుకో క్లెమ్. నా కార్డు నాకిచ్చెయ్."