ఎనిమిదో అంతస్తు నుంచి ఒక ప్రశ్న

మే నెల రెండో మంగళవారం మధ్యాహ్నం, ఆఫీసులో ఎవరిదో ఫిర్యాదుకు జవాబు రాస్తున్నాను. ‘మీకు కలిగిన అసౌకర్యాన్ని గమనించాము’ అన్నదాకా వచ్చాక ఫోన్ మోగింది. ఎడిన్‌బర్గ్ నుంచి మా పై అంతస్తు అంకుల్ గారి కూతురు. ఆవిడకు తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడదు. ఇంగ్లీషులోనే, రెండే ముక్కల్లో చెప్పింది. నాన్న హాస్పిటల్లో పోయాడని, నిద్రలోనే పోయాడని. నేను ‘అయ్యో’ అన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే స్క్రీన్ మీద నా వాక్యం అలాగే ఉంది. ఆయన చూసి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. చెరిపేసి, బ్యాగ్ తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. పేరున్న మనిషి కాదు. కాకినాడ దగ్గర పుట్టి, కుర్రతనంలోనే బ్రిటన్‌లోని ఈ షెఫీల్డ్‌కు వచ్చి, ఇక్కడి ఒక ఉక్కు కార్ఖానా ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఆ కార్ఖానా మూతపడేదాకా అందులోనే పనిచేశారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. మా బిల్డింగ్‌లో ఆయన ఎనిమిదో అంతస్తు, నేను ఏడు. నేను ఫ్లాట్‌లోకి దిగిన మొదటి శనివారమే పైనుంచి చేపల పులుసు వాసన వచ్చింది. సిగ్గు విడిచి ఆ వాసన పట్టుకుని పైకి వెళ్ళాను. తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరమ్మాయ్?" అన్నారు. అనంతపురం అన్నాను. "అయితే పులుసు తినడం ఇవాళే నేర్చుకుంటావన్నమాట" అన్నారు. మా ఊరిని ఆయన అంతకు మించి ఎప్పుడూ గౌరవించింది లేదు.

ఆ ఇంట్లో సోఫా తక్కువ, పుస్తకాలు ఎక్కువ. పుస్తకాలంటే కథలూ కావ్యాలూ అనుకునేరు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ బ్రిటన్ పార్లమెంటులో సభ్యులు అడిగిన ప్రశ్నలు, మంత్రులు ఇచ్చిన జవాబులు. ప్రభుత్వ ఖర్చు, ఎగుమతులు, దిగుమతి సుంకాలు, మూతపడిన గనులు, పనిలేని మగ్గాలు, ఆగిపోయిన ఓడల రేవులు. ఎక్కడో ఒక లైబ్రరీ వాళ్ళు వదిలించుకుంటుంటే, కూరగాయల ట్రాలీలో వేసుకుని నాలుగైదు విడతలుగా ఇంటికి లాక్కొచ్చారట. రోజూ టిఫిన్ అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని, రూళ్ళ నోటుబుక్కులో మూడు గడులు గీసేవారు. మొదటి గడిలో ప్రశ్న తెలుగులో, రెండో గడిలో జవాబు తెలుగులో. మూడో గడిలో ఒకటే మాట. ‘వచ్చింది’, ‘రాలేదు’, లేకపోతే ‘జారుకున్నాడు’. జవాబు సంగతి అన్నమాట. ఆ మూడింటిలో ఎక్కువ కనబడేది ‘జారుకున్నాడు’.

"ఎందుకంకుల్ ఈ తిప్పలు? రామకోటి రాసుకున్నా పుణ్యమొస్తుండె" అన్నాను ఒకసారి.

"ఇదీ రామకోటేనమ్మా. ఒకటే మాట కోటిసార్లు రాస్తన్నాను. పరిశీలనలో ఉంది, పరిశీలనలో ఉంది, పరిశీలనలో ఉంది!"

నా ఉద్యోగం ఏమిటో తెలిశాక నన్ను ‘మంత్రిగారూ’ అని పిలవడం మొదలుపెట్టారు. ఒక సంస్థకు వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాయడం నా పని. నా వీసా ఆ ఉద్యోగానికి కట్టేసి ఉంది. అది వదిలితే దేశం వదలాలి. కాబట్టి రాయమన్నది రాస్తాను. ‘మీ ఓపికకు ధన్యవాదాలు’ అని నేను రోజుకు ఎన్నిసార్లు రాస్తానో దేవుడికే తెలియాలి. ఎగతాళి మరీ ఎక్కువైన రోజున నాకు కోపం వచ్చి, "నేనేం సరదాకు రాస్తాండానా అంకుల్? బతకద్దా?" అని అరిచాను. ఆయన నవ్వు ఆపేశారు. పెన్నుకు మూత పెట్టేశారు.

"నేనూ రాశానమ్మాయ్" అన్నారు. "కార్ఖానా మూసేస్తారా అని పనివాళ్ళు కాగితం రాసి ఇచ్చారు. మా ఆఫీసు పెద్దాయన చెప్పాడు, నేను టైపు కొట్టాను. ప్రస్తుతానికి అటువంటి నిర్ణయమేదీ తీసుకోలేదు అని. అబద్ధం కాదు. నిర్ణయం ఆ మర్నాడు తీసుకున్నారు. ఆ కాగితం నమ్మి మా పక్క బల్ల అతను ఇల్లు కొనుక్కున్నాడు."

ఆ పుస్తకాలు ఆయన ఎందుకు చదువుతున్నారో ఆ రోజు నాకు అర్థమైంది. అబద్ధం చెప్పకుండా మనిషిని ఎలా మోసం చేయవచ్చో అందులో ఉంది. దానికి విరుగుడుగా ఎలా అడగాలో కూడా అందులోనే ఉందని ఆయన నమ్మకం. అడగందే అమ్మైనా పెట్టదంటే ఒప్పుకునేవారు కాదు. "అడిగినా పెట్టని అమ్మలున్నారు. ఎలా అడగాలో తెలియాలి" అనేవారు.

పోయిన ఏడాది జూన్‌లో లిఫ్ట్ ఆగింది. మా బిల్డింగ్‌కు రెండు లిఫ్టులు. ఒకటి బేసి అంతస్తుల్లో ఆగుతుంది, ఇంకొకటి సరి అంతస్తుల్లో. పాడైంది సరి అంతస్తులది. మిగతావాళ్ళకు పెద్ద ఇబ్బంది లేదు, ఒక అంతస్తు ఎక్కో దిగో ఇంకో లిఫ్ట్ పట్టుకుంటారు. అంకుల్‌కు అప్పటికే తుంటి పోయి చక్రాల కుర్చీ వచ్చింది. ఆయన గుమ్మానికి, మా ఏడో అంతస్తులో నిక్షేపంగా నడుస్తున్న లిఫ్టుకు మధ్య పదమూడు మెట్లు.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున పట్టుదలకు పోయాం. నేనూ, పదో అంతస్తులో ఉండే ఎమ్మెస్ చదివే వరంగల్ అమ్మాయీ చెరో రెక్క పట్టుకున్నాం. మూడు మెట్లు దిగాక ఆయన మోకాలు మడతపడింది. అలాగే మెట్టు మీద చతికిలబడ్డారు. కిందికి దింపలేం, పైకి లేపలేం. "జర ఊపిరి తీస్కోండి అంకుల్, ఏం గాదు" అని ఆ పిల్ల అంటూనే ఏడుస్తోంది. మెట్ల మీదుగా మా అంతస్తు లిఫ్ట్ తలుపు కనబడుతోంది. ఎవరో నొక్కితే వచ్చి, తెరుచుకుని, మూసుకుని వెళ్ళిపోయింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నారు. వెనక్కి మూడు మెట్లు ఎక్కించేసరికి గంట పట్టింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

బిల్డింగ్ చూసే మేనేజ్‌మెంట్ కంపెనీకి ఉత్తరాలు రాశారు. ప్రతి ఉత్తరానికీ జవాబు వచ్చేది, మర్యాదకు లోటు లేదు. ‘ఈ భవనంలో లిఫ్ట్ సౌకర్యం అందుబాటులో ఉంది.’ నిజమే కదా! ఆయన ఆ జవాబులను కూడా నోటుబుక్కులో ఎక్కించి ‘జారుకున్నాడు’ అని రాసుకున్నారు. మొదట్లో పడీ పడీ నవ్వేవారు. అక్టోబరు వచ్చేసరికి నవ్వు పోయింది. డాక్టరు ఫోన్‌లోనే మాట్లాడేవాడు. కూతురు పిలిచినా ఎడిన్‌బర్గ్ వెళ్ళే దారి లేదు. నేను తెచ్చే ఫ్రోజెన్ చేప ముక్కల్ని చూసి, "దీనికి మొహమేదీ? మొహం లేని చేపని ఎలా నమ్ముతావమ్మాయ్?" అని సాధించేవారు. మార్కెట్‌కు వెళ్ళి, మొప్పలు ఎత్తి చూసి, తన చేత్తో ఒక చేప తెచ్చుకోవాలి. ఆయన కోరిందల్లా అంతే. గది ఆ చివరి నుంచి ఈ చివరికి కుర్చీ తోసుకుంటూ తిరిగే చప్పుడు నా నెత్తి మీద వినిపించేది. జంతుప్రదర్శనశాలలో పులి తిరిగినట్టు తిరిగేవారు. నాకు పిచ్చెక్కేది.

మూడు నెలలకోసారి కింద హాల్లో రెసిడెంట్స్ మీటింగ్ జరుగుతుంది, కంపెనీ మేనేజర్ వస్తాడు. ఉత్తరంతో పని కాదని అంకుల్ తేల్చేశారు. "ఉత్తరంలో ఎదురు ప్రశ్న వేయలేం. సభలో అయితే మంత్రి జవాబు చెప్పగానే సభ్యుడు మళ్ళీ లేస్తాడు. దొరికేది అప్పుడే." మరి లిఫ్ట్ గురించి అడగాలంటే కిందికి వెళ్ళాలి, కిందికి వెళ్ళాలంటే లిఫ్ట్ ఉండాలి. అందుకని నన్ను తన సభ్యురాలిగా నియమించారు. ఒకటే ప్రశ్న రాసి ఇచ్చారు. ‘ఎనిమిదో అంతస్తులో చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఏ తేదీన కిందికి రాగలడు?’ వారం రోజులు నాకు ట్యూషన్. "తెలుసా అని అడక్కు. తెలుసు అంటాడు, అంతటితో సరి. రెండు ప్రశ్నలు కలపకు. సులువైనదానికి చెప్పి కూర్చుంటాడు. ముందుగా థాంక్స్ చెప్పకు. నువ్వు తృప్తిగా ఉన్నావనుకుంటాడు."

నవంబరు మీటింగ్‌లో లేచాను. ఏం చెప్పమంటారు! ఎదుట పెద్దమనిషి కూర్చుని నవ్వుతూ ఉంటే, మన పెంపకం ఊరుకుంటుందా? ముందు, గేటు దగ్గర పూలమొక్కలు బాగున్నాయని థాంక్స్ చెప్పాను. ఉత్త లిఫ్ట్ గురించే అడిగితే దెప్పినట్టు ఉంటుందని, హాల్లో హీటర్ కూడా పనిచేయడం లేదన్నాను. చివరికి, సరి అంతస్తుల లిఫ్ట్ పాడైన సంగతి మీ దృష్టిలో ఉందా సార్ అన్నాను. మేనేజర్ ప్రసన్నంగా తల ఊపాడు. తప్పకుండా దృష్టిలో ఉందన్నాడు. హీటర్ మాత్రం శుక్రవారం కల్లా బాగుచేయిస్తానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పైకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన నోటుబుక్కు తీసి, మొదటి గడిలో నేను అడిగిన మాటలన్నీ పూలమొక్కలతో సహా రాయించుకున్నారు. మూడో గడిలో ‘వచ్చింది’ అని రాశారు.

"ఇదేమిటంకుల్, వచ్చిందని రాస్తిరి?"

"నువ్వడిగినదానికి వచ్చింది కదమ్మా" అని, నోటుబుక్కు మూసి, కిటికీ వైపు తిరిగిపోయారు.

హీటర్ శుక్రవారానికి బాగయింది. ఆ హాల్లోకి నేను చాన్నాళ్ళు అడుగు పెట్టలేకపోయాను. నా మొహమాటం ఖరీదు మూడు నెలలు. ఆ మూడు నెలలూ చలికాలం, ఆయన ఆ గదిలోనే గడిపారు. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఫిబ్రవరి మీటింగ్‌లో ఒకటే ప్రశ్న అడిగాను. అంకుల్ రాసిచ్చింది రాసిచ్చినట్టు. బిల్డింగ్‌లో లిఫ్ట్ నడుస్తూనే ఉందన్నాడు మేనేజర్. అది ఎనిమిదిలో ఆగుతుందా అన్నాను. ఆగదన్నాడు. మరి ఆ మనిషి ఏ తేదీన కిందికి వస్తాడన్నాను. చుట్టూ అందరూ నా వైపు చూస్తున్నారు. కాగితాలు తిరగేశాడు. ఒక పళ్ళచక్రం అరిగిపోయింది, ఇక్కడ ఎవరూ చేయడం లేదు, విదేశం నుంచి రావాలి, మే నెల ఆఖరి శుక్రవారానికి లిఫ్ట్ నడుస్తుందన్నాడు.

పదమూడు మెట్లు పరుగున ఎక్కి చెప్పాను. అంకుల్ కుర్చీ చేతిని చరిచి చరిచి నవ్వారు. "షెఫీల్డ్‌లో లిఫ్టుకి పళ్ళచక్రం ఓడ మీద రావాలటమ్మా! ఊరంతా ఉక్కు వండిన ఊరు! వందేళ్ళ కిందట ఇదే ప్రశ్న ఆ పుస్తకాల్లో అడిగారు, పరదేశం సరుకు వచ్చి పడుతుంటే మన కార్ఖానాలేం కావాలని." నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "సెబాసు మంత్రిగారూ, పార్టీ మార్చారు" అన్నారు. క్యాలెండర్‌లో ఆ శుక్రవారం చుట్టూ సున్నా చుట్టి, ఏ చేప తేవాలో ఆ క్షణం నుంచే తర్జనభర్జన మొదలుపెట్టారు.

ఆ జవాబు నిజమైంది కూడా. చెప్పిన శుక్రవారమే లిఫ్ట్ నడిచింది. అప్పటికి ఆయన పోయి పక్షం దాటింది. నేను అందులో ఎనిమిదికి వెళ్ళి, తాళం వేసిన తలుపు చూసి, అలాగే కిందికి వచ్చేశాను.

మే మొదటి వారంలో ఆయనకు ఆయాసం మొదలైంది. శుక్రవారం ఉదయం మరీ ఎక్కువైతే అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. ఇద్దరు వచ్చారు, ఒక మగాయన, ఒక ఆడావిడ. మెట్లు దింపే కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి చుట్టి, పట్టీలు బిగించి, ఒకరు ముందు ఒకరు వెనక పట్టుకుని దింపేశారు. పదమూడు మెట్లు. రెండు నిమిషాలైనా పట్టలేదు. పదకొండు నెలలు మేము రాసిందీ అడిగిందీ ఈ రెండు నిమిషాల పని కోసమేనా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది.

బయట సన్నగా తుంపర పడుతోంది. అంబులెన్స్ తలుపులు తెరుస్తుంటే అంకుల్ చెయ్యెత్తి ఆగమన్నారు. ఆవిడ ఆగింది. ఆయన తల వెనక్కి వాల్చి బిల్డింగ్‌ను కింది నుంచి పై దాకా చూశారు.

"మన కిటికీ ఏదమ్మాయ్?"

కింది నుంచి లెక్కపెట్టి చూపించాను.

"అదా?" అన్నారు, ఆయాసపడుతూనే. "అంత చిన్నదా!"

కళ్ళజోడు మీద చినుకులు పడుతున్నాయి. తుడవబోతే వద్దన్నట్టు నా చెయ్యి పక్కకు నెట్టి, ఆయన ఇంకా పైకే చూస్తున్నారు.