సమ్మె రోజుల్లో మేము తీసిన దయ్యం

జనగామ కాలేజీలో మా సార్ ఇచ్చిన పని చిన్నదే. సినిమా మొత్తం తీయనక్కర్లేదు. దయ్యాల సినిమా ఎలా మొదలవుతుందో ఆ రెండు మూడు నిమిషాలు తీసి చూపిస్తే చాలు. "చూసేటోడు కుర్చీల నుంచి లేవొద్దు, గంతే," అన్నాడు.

నేనూ నా హాస్టల్ స్నేహితురాలూ జట్టు కట్టాం. ఆమెది నర్సింహులపేట దగ్గర పల్లె. వాళ్ల పెద్దనాన్న కొడుకు మహబూబాబాద్‌లో పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. ఆయనను బతిమాలి పాత కెమెరా ఒకటి తెచ్చింది. తీయడానికి చోటు నా దగ్గరుంది. మా ఇల్లు భూపాలపల్లిలో, బొగ్గు బాయి కార్మికుల క్వార్టర్లలో. మా వరసలో చివరి క్వార్టర్ కొన్నాళ్లుగా ఖాళీగా పడి ఉంది. రెండు రోజుల్లో పని ముగించుకుని రావచ్చని ఇద్దరం బస్సెక్కాం.

మేము దిగాక ఎంతో సేపు కాలేదు, బస్సులు ఆగిపోయాయి. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. బాయి బందు, బడి బందు, ఆఫీసులు బందు. నా స్నేహితురాలు మా ఇంట్లో ఇరుక్కుపోయింది. ఇంటికి ఫోన్ చేసి "నాయినా, ఎట్ల రావాలె?" అని అడిగితే ఆయన తాపీగా "ఏం తొందర బిడ్డా, తెలంగాణ తీస్కొనే రా," అన్నాడట. ఆమె ఫోన్ పెట్టేసి నవ్వుతూ మా అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే కొత్తగా అనిపించింది మా బాపు. షిఫ్టుల వల్ల ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన నిద్రలోనే ఉండేవాడు. మెలకువగా ఉన్న బాపును అన్ని రోజులు వరసగా చూడటం అదే మొదటిసారి. పొద్దున సమ్మె టెంటుకు వెళ్లి కూర్చునేవాడు. మధ్యాహ్నానికి వచ్చి ఏం చేయాలో తోచక బాగున్న కుర్చీకి కూడా మేకులు కొట్టేవాడు. సినిమాలో వేషం వేస్తావా అని అడిగితే క్షణం ఆలోచించలేదు. లేచి వెళ్లి గడ్డం గీసుకొచ్చాడు.

దయ్యం వేషం పక్క క్వార్టర్ ఖాలాది. ఖాలా బ్లౌజులు కుట్టేది. ఇంట్లో వాళ్లతో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేది. పిన్నిలా నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. చివరి క్వార్టర్ తాళం కూడా ఆమె దగ్గరే ఉంది, వాకిట్లో మల్లెచెట్టుకు నీళ్లు పోయమని వెళ్లిపోయినవాళ్లు ఇచ్చారు. దయ్యంగా చెయ్యాలని అడిగితే ముందు మిషన్ ఆపలేదు. కుట్టు చివరిదాకా వచ్చాక తల ఎత్తి, "నా మొకం గట్ల కనబడ్తాందా బేటా?" అంది. తర్వాత తనే, "నెత్తి ఇరబోసుకోవాల్నా?" అని అడిగింది.

కథ నేను రాశాను. కిరాయికి ఇల్లు చూడటానికి ఒక మనిషి వస్తాడు, అది మా బాపు. తలుపు తోస్తాడు. లోపల చీకట్లో తెల్ల బట్టల్లో ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. ఒక మాట అంటుంది. అక్కడితో ఆగిపోతుంది.

రాత్రిపూట కరెంటు ఉండేది కాదు కాబట్టి పగలే చీకటి చేసుకున్నాం. కిటికీలకు గొంగళ్లు కట్టాం, సందుల్లో గోనెసంచులు కుక్కాం. ఖాలా ఊదు పొగ వేసింది. బాపుది తెల్ల ధోతి ఒకటి చీరలా చుట్టుకుని, ముఖానికి పౌడరు పూసుకుని, కళ్ల చుట్టూ కాటుక అలుక్కుని మూలన కూర్చుంది. చూడటానికి భయంగానే ఉంది. నోరు తెరిస్తేనే చిక్కు.

నేను రాసిన మాట ఇది: "ఎవరు నీవు? నా నివాసంలో అడుగు పెట్టుటకు నీకెంత ధైర్యము?"

"నివాసం అంటే ఏంది?" అంది ఖాలా.

"ఇల్లు."

"మరి ఇల్లు అంటె అయిపాయె గద."

అలా అనకూడదని వాదించాను. నేను చూసిన సినిమాల్లో ఏ దయ్యమూ మాలాగా మాట్లాడలేదు. మా మాట సినిమాలో వినబడిందంటే ఎవరో నవ్వించబోతున్నారని అర్థం. ఆ లెక్కే నా తలలోనూ ఉంది. ఖాలా పాపం నా కోసం మళ్లీ మళ్లీ చెప్పింది. ఒకసారి "నివాసం" మింగేసేది, ఒకసారి "ధైర్యము" దగ్గర దగ్గు వచ్చేది. బాపు మాత్రం అదేమీ పట్టనట్టు నిలబడేవాడు. భయపడమంటే, "దినాం బాయిలకు దిగెటోన్ని, నాకు భయం యాడికెళ్లి తేవాలె?" అనేవాడు. పొగకు అందరి కళ్లూ మండాయి, ఆకలి దంచుతోంది.

ఆ రోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వరసలుగా కూర్చుని తినడం ఆ సమ్మెలో ఒక పద్ధతి. పప్పు పోపు వాసన మా క్వార్టర్ల దాకా వచ్చింది. "పోదాం పాండ్రి," అంది ఖాలా. ముఖం కడుక్కోమంటే, "మల్ల ఎవలు పూసుకోవాలె?" అని అలాగే నడిచింది. బాపు కెమెరాకు కాపలాగా క్వార్టర్‌లోనే ఉండిపోయాడు.

జుట్టు విరబోసుకున్న దయ్యం రోడ్డు మీదికి రాగానే డప్పు కొట్టేవాళ్లు లయ తప్పారు. పాట పాడుతున్నాయన నోరు తెరిచి ఆగాడు. ఇదేదో నిరసన వేషం అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. ఖాలా ఎవరినీ లెక్క చేయకుండా వరసలో కూర్చుని విస్తరి ముందుకు జరుపుకుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు తల్లుల వెనక్కి చేరారు. నా స్నేహితురాలు విషయం చెప్పాక అందరూ ఒక్కటే పట్టు. దయ్యం ఏం మాట్లాడుతుందో ఇక్కడ చెప్పాల్సిందే.

ఖాలా అన్నం ముద్ద పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, నేను నేర్పిన మాట అప్పజెప్పింది. రోడ్డంతా ఘొల్లుమంది. బాపుతో పనిచేసే ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "మన క్వార్టర్ల దయ్యం గట్ల మాట్లాడ్తదా చెల్లె? గది యాడి దయ్యం?" అన్నాడు.

ఖాలా కూడా నవ్వింది. తర్వాత వడ్డిస్తున్న కుర్రాడి వైపు చూసి, నవ్వు ఆపి, మెల్లగా అంది. "వచ్చినవా కొడుకా. ఇంత పొద్దువోయిందేంది. అన్నం సల్లారిపాయె. రా, కూసో."

అది ఏ ఇంట్లోనైనా రోజూ వినబడే మాటే. కానీ ఆ ముఖంతో, ఆ ప్రేమతో అనేసరికి గరిటె పట్టుకున్న అతను అలాగే నిలబడిపోయాడు. నా స్నేహితురాలు నా చెవిలో, "తిన్నది చాలు, లెవ్వు," అంది.

దాదాపు పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాం. ఖాలా ఏమన్నదో బాపుకు చెప్పలేదు. తలుపు తోసి రెండడుగులు వెయ్యి, అంతే అన్నాం. గొంగడిలో ఎక్కడో చిరుగు ఉన్నట్టుంది, సన్నని వెలుతురు ఖాలా మోకాలి మీద పడింది. నా స్నేహితురాలు దాన్ని మూయనివ్వలేదు. కెమెరా నడుస్తోంది. బాపు తలుపు తోశాడు.

"వచ్చినవా కొడుకా," అంది మూలలోంచి గొంతు. బాపు ఆగాడు. అన్నం సల్లారిందన్న మాట కూడా అయ్యాక, ఖాలా రోడ్డు మీద అనని మాట ఒకటి కలిపింది. "చెప్పులు బైట ఇడిసి రా."

బాయిలోకి దిగడానికి భయపడని మా బాపు, ఆ చీకట్లోకి చూస్తూ, ఒక కాలి చెప్పు విడిచాడు. తర్వాత రెండోది. మేము చెప్పమన్నది కాదు, ఆయన అనుకుని చేసిందీ కాదు. తర్వాత అడిగితే, "ఇడువుమన్నది గద, ఇడిసిన," అన్నాడు. కెమెరా ఆగగానే అందరం కింద కూర్చుని పొట్టలు పట్టుకుని నవ్వాం. ఖాలా పౌడరు మీద కాటుక కారిపోయింది. బాపు తన చెప్పుల వైపు చూసుకుంటూ మా అందరికంటే ఎక్కువ నవ్వాడు.

బస్సులు మొదలయ్యాక జనగామ వెళ్లాం. క్లాసులో గోడ మీద వేసి చూపించారు. "వచ్చినవా కొడుకా" అనగానే వెనక బెంచీలు నవ్వాయి. ఆ యాస వింటే నవ్వడం అందరికీ అలవాటే. నా చెవులు వేడెక్కాయి. అన్నం సల్లారిందన్న చోట నవ్వు కాస్త తగ్గింది. మొదటి చెప్పు విడిచినప్పుడు ఎవరో "వద్దు" అన్నారు. రెండో చెప్పుకు వెనక బెంచీలు కూడా ముందుకు వంగాయి. సార్ లేచి లైటు వేశాడు. "చెప్పులిడిసిండంటె ఇగ లోపలికి పోతడన్నట్టే గద," అన్నాడు. అప్పుడు అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. నా స్నేహితురాలు బెంచీ కింద నా చెయ్యి గట్టిగా నొక్కింది.

ఆ తర్వాతి సెలవుల్లో భూపాలపల్లిలో మా టీవీకి వైర్లు తగిలించి వరసలో వాళ్లందరికీ చూపించాం. ఖాలా తనను తాను చూసుకుని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త మాత్రం చలించలేదు. "గీ దయ్యం నాకు ఎర్కే," అన్నాడు. ఇల్లంతా నవ్వు.

తర్వాత ఏమవుతుందని అందరూ అడిగారు. మా దగ్గర కథ అంతవరకే ఉంది. దాంతో తలా ఒకటి చెప్పారు. ఆ మనిషి తిని, చెయ్యి కడుక్కుని ఇంటికి పోతాడంది మా అమ్మ. పోనే పోడంది నా స్నేహితురాలు. ఇదంతా విన్నాక ఖాలా తల అడ్డంగా ఊపింది.

"ఇల్లు సూడొచ్చినోడు గద," అంది. "తిన్నంక కిరాయి మాట్లాడ్తడు. నేనైతె రూపాయి తగ్గ."