బావ నిద్రకు నేను కాసిన కాపలా

ముప్పై నిండకముందు నాకు కారణం తెలియని విషయమంటూ ఉండేది కాదు. వాన ఎందుకు ముఖం చాటేసిందో, పక్కింటి ఆవు పాలు ఎందుకు తగ్గించిందో, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని. మా చేలన్నీ లీజుకు పోయి సోలార్ పలకల కింద చేరిన కొత్త రోజులవి. ఇప్పుడు నలభై దాటాక ఒక విషయం సరిచేయాలనిపించి ఇది రాస్తున్నాను. మా సోలార్ పార్కులో ఒక బ్లాకు ఉంది. మిట్టమధ్యాహ్నం అక్కడ ఏదో మనిషి గుండె మీద కూర్చుంటుందనీ, మా బావను పట్టింది అదేననీ చెప్పుకుంటారు. పలకలు కడిగే ఆడవాళ్లు ఈనాటికీ ఆ వరసల్లో అన్నం క్యారియరు విప్పరు. ఆ మాట నిజం కాదు. బావను పట్టింది నేను.

బావంటే మా అక్క మొగుడు. గొర్రెల వెంట తిరిగినన్నాళ్లూ చువ్వలా ఉండేవాడు. భూమి లీజుకిచ్చి, మంద అమ్మేసి, పార్కులో సెక్యూరిటీ పనికి కుదిరాక ఆయనకు ఒక కుర్చీ దొరికింది. రెండేళ్లు తిరిగేసరికి చొక్కా గుండీలకు కష్టకాలం వచ్చింది. గురక కూడా అప్పుడే మొదలైంది. ఆ గురక పెద్దగా లేచి, లేచి, ఉన్నట్టుండి తెగిపోయేది. తర్వాత ఏమీ ఉండదు. గోడగడియారం చప్పుడు మాత్రం వినిపించేది. ఆ తర్వాత ఎవరో బావిలోంచి పైకి లాగినట్టు ఒక పెద్ద శ్వాస.

"గురక పెట్టినంతసేపూ నాకు ధైర్యమేరా. అది నిలిచిపోతేనే భయం. మనిషి యాడికో పోయి వచ్చినట్టుంటాది. ఒకనాడు రాకపోతే ఏం జేసేది?" అంది అక్క.

నా దగ్గర జవాబు తయారుగా ఉంది. "జాతరకు కట్టేసి మేపే పొట్టేలు ఎందుకు బలుస్తాదక్కా? తిని పండుకుంటాది కాబట్టి. మందతో తిరిగేది బలుస్తాదా? బావ గురక పెడతాండాడంటే బాగా నిద్రపోతాండాడు. బాగా నిద్రపోతాండాడు కాబట్టే లావైతాండాడు. నిద్ర తగ్గిస్తే లావు తగ్గుతాది, లావు తగ్గితే గురక పోతాది."

"మనిషీ పొట్టేలూ ఒకటేనా?"

"ఒళ్లు ఒళ్లే కదక్కా."

(ఇప్పుడు రాస్తుంటే కూడా ఎంత నున్నగా ఉందో చూడండి. ఎక్కడా చెయ్యి గీరుకోదు.)

గొర్రెలు కాసేవాళ్లకు మంద పడుకుందో లేచిందో కళ్లతో చూసే పని లేదు. ముందు నడిచే గొర్రె మెడలో గంట ఆగిందంటే పడుకున్నట్టే. మంద పోయినా అటక మీద ఒక గంట మిగిలింది. దాన్ని దించి బావ ముంజేతికి కట్టాను. గంట ఆగితే ఇంట్లో అక్క కుదిపి లేపాలి, పార్కులో నేను కేకేయాలి. నేను అదే బ్లాకులో పలకల కింద గడ్డి కోసేవాణ్ని. బావ ఎవరి మాటా కాదనలేడు. చెయ్యి చాపి, "ఏ జాతరకప్పా నన్ను మేపేది?" అని మాత్రం అడిగాడు.

బావ తగ్గలేదు. ఇంకా ఒళ్లు చేశాడు. ఆకలి ముదిరి సంగటి ముద్ద మీద ముద్ద అడిగేవాడు. మాట మధ్యలో కళ్లు మూతలు పడేవి. "నీ లెక్క ఎట్లో తేడాగా ఉండాదిరా" అని అక్క అంటే, "లోపల పాత నిద్ర ఇంకా మిగిలుండాదక్కా, అది ఖర్చు కావాల" అన్నాను.

ఒక మధ్యాహ్నం గడ్డి కోస్తున్నాను. ఎటు చూసినా ఒకే ఎత్తు, ఒకే నలుపు, ఒకే వరస. ఇన్వర్టర్ల హోరులో బావ గంట ఎక్కడో కదులుతోంది. ఇంతలో మబ్బు కమ్మింది. నీడ వరసల మీదుగా పాకుతూ వచ్చింది. హోరు సన్నగిల్లింది. గంట ఆగింది.

"బావా" అని పిలిచాను. ఆ ఇనుములో తగిలి నా గొంతే తిరిగి వచ్చింది. తర్వాత గురక వినపడింది. ఏ వరసలోంచో తెలియదు. ముందు నుంచా అంటే వెనక నుంచి, వెనక్కి తిరిగితే నేలలోంచి వస్తున్నట్టుంది. నేను పరుగెత్తే కొద్దీ అన్ని వరసలూ కలిసి గురక పెడుతున్నట్టనిపించింది. అప్పుడది తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అక్క మాట గుర్తొచ్చింది.

బావ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఛాతీ కదలడం లేదు. అన్నిటికీ కారణం చెప్పగలిగిన నేను అప్పుడు కారణం వెతకలేదు. భుజాలు పట్టి కుదిపాను, చెంపల మీద కొట్టాను. చివరికి ఎక్కడినుంచో ఆ శ్వాస వచ్చింది. బావ అదిరిపడి లేచి పలక అంచుకు నుదురు కొట్టుకున్నాడు.

కేకలు విని పలకలు కడిగే ఆడవాళ్లు వచ్చారు. రక్తం చూసి ఒకామె, "గుండె మీద కూర్చున్నాది. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా దొరికినాడు గదా" అంది. అందరూ నా వైపు చూశారు. అప్పుడు నేనేమన్నానో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. "ఔను, నేనూ చూసినా. నల్లగా ఉండాది" అన్నాను.

పావగడ ఆసుపత్రిలో డాక్టరు దయ్యం ఊసెత్తలేదు. గురక గాఢనిద్రకు గుర్తు కాదన్నాడు. పడుకుంటే గొంతులో దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతోంది, ఈయన సరిగా నిద్రపోయి చాలా కాలమైంది, నిద్ర చెడితే ఆకలి పెరుగుతుంది, ఒళ్లూ పెరుగుతుంది, ఒళ్లు పెరిగితే గొంతు ఇంకా మూసుకుంటుంది అన్నాడు. "ఈయన్ను నిద్రపోనీకుండా చేసిందెవరు?" అని అడిగాడు. అక్క నా వైపు ఒకసారి చూసి, తలదించుకుని, "డ్యూటీ సార్" అంది.

మంద అమ్మడం, నడక ఆగడం, కుర్చీ రావడం, లావు, గురక, అన్నీ ఒకే కాలంలో మా ఇంటికి వచ్చాయి. అందులో నాకు నచ్చిన రెండు తీసుకుని, ఒకదాన్ని ఇంకొకదానికి తండ్రిని చేశాను. సన్నగా ఉండి గురక పెట్టే మా చిన్నాన్న పక్క గదిలోనే పడుకునేవాడు. నా లెక్కలో ఆయనకు చోటు దొరకలేదు.

మొన్న ఆదివారం అక్క ఇంట్లో భోజనమయ్యాక ఇదంతా బావతో చెప్పాను. ఆయన నెత్తి పూర్తిగా నెరిసింది. మధ్యాహ్నం కునుక్కి కూడా గొంతు మూసుకుపోకుండా గాలి ఊదే మిషను గొట్టం ముక్కుకు పెట్టుకునే పడుకుంటాడు.

"ఆ దయ్యమే మేలు కదప్పా. అది ఒక్కనాడే కూర్చున్నాది" అన్నాడు.

"దయ్యం లేదు బావా, అది నేను చెప్పిన అబద్ధం."

"సరేలేప్పా. ఇంగ పండుకోనిస్తావా?"

గొట్టం తగిలించుకుని అటు తిరిగాడు. మిషను సన్నగా ఊదుతోంది. దుప్పటి కింద ఆయన వీపు లేస్తోంది, దిగుతోంది. ఎందుకు లేస్తోందో, ఎందుకు దిగుతోందో ఆ పాతికేళ్ల కుర్రాడైతే ఈపాటికి అక్కకు చెప్పేసి ఉండేవాడు. నేను మాత్రం అక్క టీ తెచ్చేదాకా అట్లా చూస్తూ కూర్చున్నాను.