డోలా గది తాళం

కుల్సుమ్ బీ చేతులంటే బస్తీలో ఆడవాళ్లకు భయం. పెళ్లింట్లో ఆమె పళ్లెం పట్టుకుని వస్తే పక్కకు జరిగేవాళ్లు. పసిపిల్లను ఎత్తుకోబోతే తల్లి ఏదో ఒక వంక చెప్పి లాక్కునేది. పెళ్లికూతురికి గోరింటాకు పెట్టమని ఆమెను ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు. కానీ చూడండి విడ్డూరం! అదే ఆడవాళ్లు జ్వరమొచ్చి మంచం పట్టగానే మొట్టమొదట అడిగేది, "కుల్సుమ్ బీ ఊళ్లనే ఉన్నది కదా?" అని.

ఆమె పోయినవాళ్లకు గుస్ల్, అంటే ఆఖరి స్నానం, చేయిస్తుంది. ఆడవాళ్లకు మాత్రమే. అత్త చేసేది ఆ పని, అత్త తర్వాత ఈమెకొచ్చింది. ఇరవై నాలుగేళ్లకే భర్త పోయాడు, పిల్లల్లేరు. పగలంతా లక్కగాజులకు రాళ్లు అతికి పొట్ట పోసుకునేది. ఎవరింట్లోనైనా మనిషి పోయిందంటే గాజులు అక్కడే వదిలేసి లేచేది. ఈ పనికి పైసా ముట్టదు. చావింట్లో గుక్కెడు మంచినీళ్లు కూడా తాగదు. అది అత్త పెట్టిన నియమం.

అత్త ఇంకో మాట కూడా చెప్పింది. "చూడు బేటీ, పోయినోళ్లకు నీళ్లు పొయ్యుడు, కఫన్ కట్టుడు, మట్టిల పెట్టుడు, ఇవి బస్తీ మొత్తం బాకీ. ఒక్కరు చేసిన్రంటే అందరి మెడల మీది బరువు దిగుతది. ఒక్కరు గూడ చెయ్యకుంటే బస్తీల ఉన్నోళ్లందరు పాపంల పడ్తరు. ఫర్జె కిఫాయా అంటరు దీన్ని. యాది పెట్టుకో." కుల్సుమ్ బీకి అక్షరం ముక్క రాదు. ఈ మాట మాత్రం గుండెలో రాసుకుంది.

ఫలక్‌నుమా స్టేషన్ వెనక, పట్టాలను ఆనుకుని ఉన్న బస్తీ అది. అందరూ ఛోటీ మసీదు అని పిలిచే మసీదు ఒక్కటే ఉంది అక్కడ. అది నమాజుకు మాత్రమే అనుకునేవాడు ఆ బస్తీవాడు కాదు. పెళ్లి వంటకు పెద్ద దేగులు అక్కణ్ణుంచే, బంతికి చాపలు అక్కణ్ణుంచే. పొద్దుగూకే నమాజు ముగిసే వేళకు చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు గేటు దగ్గర వరసగా నిలబడేవాళ్లు. బయటికొచ్చే పెద్దలు దువా చదివి పిల్లల మీద ఊదేవాళ్లు. ఆ వరసలో రైల్వే గ్యాంగ్‌మన్ గుండయ్య పెళ్లాం కూడా ఉండేది. నువ్వెవరని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మసీదు పక్కన, కాళ్లు చేతులు కడుక్కునే తొట్టి వెనక ఒక చిన్న గది. అందులో శవాన్ని మోసే డోలా, స్నానం చేయించే టేకు బల్ల, రెండు రాగి గంగాళాలు, ఒక పరదా. ఆ గది తాళంచెవి అజాన్ ఇచ్చే ఖాజా మొలతాడుకు వేలాడేది. బీద, గొప్ప, తాగుబోతు, నమాజీ, ఎవరు పోయినా అదే బల్ల, అదే డోలా. బతికున్నప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు కూడా ఆ బల్ల మీద ఒకరి తర్వాత ఒకరు పడుకున్నారు.

అంతా బాగానే ఉండేది. అబ్దుల్ వాహెద్ సాబ్ మసీదు కమిటీ పెద్ద, అంటే సదర్, అయ్యేదాకా.

వాహెద్ సాబ్‌కు కలప అడితి ఉంది. చెడ్డవాడేం కాదు. కారే కప్పు బాగు చేయించాడు, మసీదుకు నల్లా తెప్పించాడు. మంచి పనులు చేసేవాళ్లలో కొందరికి ఒక జబ్బుంటుంది, చేసిందంతా తమ సొంతమనుకుంటారు. ఆయనకు ఆ జబ్బు ముదిరింది. డెబ్బై మూడో సంవత్సరం చలికాలంలో మసీదు తలుపు మీద ఒక కాగితం అంటించాడు. ఢోలక్ మోగే ఇంటికి మసీదు సామాను ఇచ్చేది లేదు. అంతే, ఒక్క వాక్యం.

ఇంకేముంది! బస్తీలో ఢోలక్‌లన్నీ మంచాల కిందికి పోయాయి. పెళ్లి పాటలు లేని పెళ్లి ఉప్పు లేని కూర అని ఆడవాళ్లు గొణిగారు. మగవాళ్లు హోటల్లో చాయ్ తాగుతూ సదర్‌ను తిట్టి, ఆయన ఎదురుపడగానే సలాం కొట్టారు. ఎవరో ఒకరు అడుగుతారులే అని అందరూ అనుకున్నారు. కుల్సుమ్ బీ కూడా ఆ కాగితం ఎవరితోనో చదివించుకుని విన్నది. ఆమె కూడా అదే అనుకుని కిమ్మనలేదు. ఆ తర్వాత ఎన్నాళ్లో ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే ఒళ్లు మండేది.

ఒక్క ఖైసర్ బేగం మాత్రం ఢోలక్ దాచలేదు.

ఖైసర్ బేగం పుట్టిల్లు కార్వాన్, బతికింది మాత్రం ఈ బస్తీలోనే. పెళ్లిళ్లలో ఢోలక్ మీద పాడటం ఆమె బతుకుతెరువు. ఆ బస్తీలో ఆమె గొంతు వినకుండా అత్తవారింటికి పోయిన పిల్ల లేదు. మనిషి నోరా, అదో కత్తెర. "సదర్ సాబ్ పెండ్లిల గూడ నేనే పాడిన. అప్పుడు చెవుల దూది పెట్టుకున్నడా ఏంది?" అని గల్లీ అంతా వినబడేలా నవ్వేది. కాగితం అంటించిన మర్నాడే గడపలో కూచుని ఢోలక్ తాళ్లు బిగించుకుంది.

కుల్సుమ్ బీకి ఆమె అంటే ప్రాణం. ఎందుకో చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక రంజాన్ పండుగకు ముందు రోజు, ఖైసర్ బేగం నూరిన గోరింటాకు గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టి అరచేతులు చాపింది.

"పెట్టు."

"నేనా? ఈ చేతులతోనా?"

"మరి కాళ్లతో పెడ్తవా? ఏదో ఒకనాడు నన్ను కడిగేటి చేతులే కదా ఇవి. ఇప్పట్సంది జెర దోస్తీ చేసుకోనియ్యి."

కుల్సుమ్ బీ ఆ రోజు ఏడుస్తూనే గోరింటాకు పెట్టింది. అప్పట్నుంచి ప్రతి పండుగకూ ఆమే పెట్టేది. పెట్టించుకున్న ప్రతిసారీ ఖైసర్ బేగం ఒకే మాట అనేది. "నేను పోతే మసీదు బల్ల మీద కడుగు, మసీదు డోలాల పంపు. దిక్కులేనిదాని లెక్క నులకమంచం మీద పంపకు."

కాగితం అంటించాక వచ్చిన మే నెలలో, ఒక శుక్రవారం పొద్దున, చాయ్ పొయ్యి మీద పెట్టి ఖైసర్ బేగం అట్లాగే ఒరిగిపోయింది.

కుల్సుమ్ బీ స్నానం నీళ్లలోకి రేగాకు కోయించింది, కర్పూరం తెప్పించింది, పరుగున మసీదుకొచ్చింది. ఖాజా గది ముందే ఉన్నాడు. తాళంచెవి గుప్పిట్లో ఉంది. ఆమె ముఖం చూడలేక నేల చూశాడు.

"సదర్ సాబ్ ఇయ్యొద్దన్నడు ఆపా."

మధ్యాహ్నం జుమా నమాజు కోసం చాపలు పరిపిస్తున్న వాహెద్ సాబ్ బయటికొచ్చాడు. గొంతు పెంచలేదు, నింపాదిగానే మాట్లాడాడు.

"కాయిదా కాయిదానే కుల్సుమ్ బీ. ఆమె ఇంట్ల ఢోలక్ మోగింది. కార్వాన్ల ఆమె తమ్ముని కొడుకులున్నరంట, వాళ్ల మసీదుకెళ్లి తెప్పించుకోమను. అదీ కాకపోతే ఏదన్న తలుపుచెక్క మీద నువ్వు గుస్ల్ చేయి. చెయ్యొద్దని నేను అన్ననా?"

అక్కడే ఆమెకు మండింది. నువ్వెట్లాగూ చేస్తావు, నీవల్ల మా అందరి బరువూ దిగుతుంది, మా కాగితం మా తలుపు మీదే ఉంటుంది. ఆయన ధీమా అదీ! ముప్పై ఏళ్లుగా ఆమె చేతులు బస్తీ మెడ మీది బరువు దించుతుంటే, ఆ చేతుల్నే అడ్డం పెట్టుకుని ఆయన కాయిదా నడుపుకుంటున్నాడు.

"చెయ్య," అన్నది కుల్సుమ్ బీ.

"ఏంది?"

"గుస్ల్ చెయ్య సదర్ సాబ్. బల్ల రావాలె, డోలా రావాలె. అప్పటిదాంక ఈడనే కూసుంట."

గేటు మెట్టు మీద, సరిగ్గా నడిమధ్యన, చేతులు కట్టుకుని కూచుంది.

మాట బస్తీ అంతా పాకింది. గుండయ్య డ్యూటీ దిగి వచ్చి విషయం విన్నాడు. ఇంటికి పోయి తలుపు ఊడదీసి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "ఇగో అక్కా, టేకుదే. ఖైసరమ్మ మా పిల్ల పెండ్లిల పాడింది. తీస్కో."

"తలుపు నాకు గూడ ఉన్నది తమ్మీ. చెక్క లేక కూసున్ననా నేను? ఆమె ఈ బస్తీ మనిషా కాదా, ఆ సంగతి తేలాలె. నువ్వు నాకొక్క పని చేయి. ఎండ సూస్తున్నవ్ కదా."

గుండయ్య తలుపు గోడకు ఆనించాడు. సైకిలేసుకుని నయాపూల్ దాకా తొక్కి, పొట్టులో చుట్టిన మంచుగడ్డ కట్టుకొచ్చాడు. ఖైసర్ బేగం మంచం కింద దాన్ని పెట్టి, ఆ ఇంటి కిటికీలకు తడిపిన గోనెసంచులు కట్టాడు. ఖైసర్ బేగం పక్కన కూచున్న ఆడవాళ్లు విసనకర్రలు ఆపలేదు.

కానీ కుల్సుమ్ బీ లోపల ఎట్లా ఉందో ఎవరికి తెలుసు? పోయిన మనిషిని ఆలస్యం చేయకూడదు. ఆ సంగతి అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.  "మాఫ్ చేయి ఖైసర్, మాఫ్ చేయి," అని లోలోపల గొణుక్కుంది. ఒకసారి లేవబోయింది కూడా. తలుపు మీద ఆ కాగితం కనిపించింది. దాన్ని అంటించిన నాడు తను మాట్లాడి ఉంటే ఈ పూట ఇట్లా ఉండేదా? మళ్లీ కూచుంది.

జుమాకు జనం రావడం మొదలైంది. తెల్లబట్టలు, అత్తరు వాసనలు. మెట్టు మీద ఆడమనిషిని చూసి గేటు బయటే ఆగిపోయారు. వెనకవాళ్లు వచ్చి చేరారు. వీధి నిండింది. అప్పుడు లేచింది కుల్సుమ్ బీ.

"లోపలికి పోండ్రి, నేను అడ్డం లేను, జరుగుత. కానీ ఒక్క మాట ఇనిపోండ్రి. ఖైసర్ బేగం పొద్దున్నసంది అట్లనే పండుకోని ఉన్నది. ఇయ్యాల నేను నీళ్లు పొయ్యలె. మీ తల్లులకు పోసిన, మీ అక్కలకు పోసిన. ఎన్నడన్న ఎవలని అడిగిన్నా? ఇయ్యాల నా చేతులు కట్టుకున్న. గీ బరువు ఇప్పుడు మీ అందరి మెడల మీదున్నది, నా మెడ మీద గూడ ఉన్నది. నాది నేను మోస్త. ఖుదా ముందట నిలబడి చెప్త, కాగితం అంటిచ్చిన్నాడు నోర్మూసుకున్న, తప్పయిందని. మీరేం చెప్తరో సోంచాయించుకోండ్రి!"

 వాహెద్ సాబ్ ముఖం కందగడ్డయింది. "ఆడిది మసీదు ముందట ఫర్జ్ గురించి చెప్తదా? ఇమాం సాబ్, మీరన్న చెప్పుండ్రి!"

ఇమాం సాబ్ నోట్లో నాలుక లేని మనిషి. కమిటీ ఉంచితే ఉండాలి, పొమ్మంటే పోవాలి.  టోపీ సర్దుకున్నాడు.

"ఆమె చెప్పింది సహీ," అన్నాడు. "ఎవ్వరు చెయ్యకుంటే అందరం గున్హేగార్లమే. మీరు గూడ, నేను గూడ. ఖాజా, తాళం తియ్యి."

ఖాజా దానికోసమే చూస్తున్నట్టున్నాడు. తాళం తీసిన చప్పుడు గేటు దాకా వినిపించింది. బల్ల పట్టుకోవడానికి ఇరవై చేతులు లేచాయి. ఇంతమంది ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారో! హోటల్లో తిట్టి బయట సలాం కొట్టినవాళ్లే, ముందు నేనంటే నేనని తోసుకున్నారు. కుల్సుమ్ బీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పరదా కట్టారు. రేగాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా పోసింది. కిందటి పండుగకు తను పెట్టిన గోరింటాకు ఖైసర్ బేగం గోళ్ల చివర ఇంకా ఎర్రగానే ఉంది. ఆ వేళ్లను ఒక్కొక్కటిగా, తొందర లేకుండా కడిగింది. "అయింది పో, మసీదు బల్లనే," అని చెవిలో చెప్పింది. జుమా కాగానే మసీదు మసీదంతా జనాజా నమాజుకు నిలబడింది. వాహెద్ సాబ్ కూడా మొదటి వరసలోనే నిలబడ్డాడు. నిలబడక ఏం చేస్తాడు? డోలా వీధి మలుపు తిరిగేదాకా భుజాలు మారుతూనే ఉన్నాయి. గుండయ్య భుజం కూడా మధ్యలో ఎక్కడో ఉంది.

కాగితం ఆ సాయంత్రానికే లేదు. ఎవరు చింపారంటే ఎవరూ చెప్పరు. సదర్ మాత్రం ఊరుకుంటాడా? గుస్ల్‌కు ఇకమీద వేరే బస్తీ నుంచి మనిషిని పిలిపిస్తామని, కుల్సుమ్ బీ రానక్కర్లేదని కమిటీలో రాయించాడు. ఖాజా వచ్చి నీళ్లు నములుతూ ఆ సంగతి చెప్పాడు.

"రాసుకోనియ్యి," అన్నది ఆమె, గాజుకు రాయి అతుకుతూ. "చచ్చేటోళ్లు కమిటీని అడిగి చస్తరా?"

వేరే బస్తీ మనిషిని ఒక్క ఇంటివాళ్లూ పిలవలేదు. అందరూ ఆమె తలుపే తట్టారు. ఖాజా తాళం తీస్తూనే ఉన్నాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున వాహెద్ సాబ్ తల్లి కన్నుమూసింది. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆ పెద్దావిడ అందరి ఆడవాళ్లలాగే అదే ప్రశ్న అడిగిందట, కుల్సుమ్ బీ ఊళ్లోనే ఉందా అని. వాహెద్ సాబ్ స్వయంగా వచ్చాడు. గడప బయట నిలబడ్డాడు. చెప్పులు లేవు, టోపీ చేతిలో ఉంది.  వెంట వచ్చిన ఖాజా ఆయన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసి, భయం భయంగా అడిగాడు.

"వస్తవా ఆపా?"

కుల్సుమ్ బీ అప్పటికే గాజుల పెట్టె మూసి కొంగు బిగిస్తోంది.

"రాక? మనిషిని చూసి నీళ్లు పొయ్యనీకి నేనేమన్న సదర్‌నా?" అన్నది, బయట నిలబడ్డాయనకు ప్రతి ముక్కా వినబడేలా. చకచకా వీధిలోకి దిగి, మసీదు దగ్గర తాళం తీయించి, రాగి గంగాళం వైపు చెయ్యి చూపించింది. "నిలబడి ఏం చూస్తున్నవ్ వాహెద్ భాయ్? అమ్మ కోసం నీళ్లు కాగాలె. ఎత్తు."

వాహెద్ సాబ్ వంగి గంగాళం ఎత్తుకున్నాడు.