గ్రీకు పద్ధతి

మాంసం కొట్టులో నలభై ఏళ్లు కత్తి ఆడించిన చెయ్యి మామగారిది. అలాంటి మనిషిని కుర్చీలో బొమ్మలా కూర్చోబెట్టి, అల్లుడుగారు ఫోన్ చూసి వంట వెలగబెడుతున్నాడు. గ్రీకు వాళ్లలా మాంసం పుల్లలకు గుచ్చి కాలుస్తాడట! ముక్కల్ని రెండు రోజులు నిమ్మరసంలో నానబెట్టిన మహానుభావుడు, వెదురు పుల్లల్ని ఒక్క క్షణమైనా నీళ్లలో ముంచలేదు.

"పుల్లలు తడపవా, బాబూ?" అన్నాడు మామ.

"మీకు తెలీదులెండి మామయ్యగారూ, ఇది గ్రీకు పద్ధతి."

పెద్దాయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. కాసేపటికి పుల్లలు భగ్గుమన్నాయి, ముక్కలు బొగ్గుల్లో పడ్డాయి. అల్లుడు ఒక ముక్కను ఏరి, బూడిద దులిపి, మామ పళ్లెంలో వేశాడు.

"ఎలా ఉందండీ?"

సగం పచ్చిగా ఉన్న ఆ ముక్కను మామ చాలాసేపు నమిలాడు.

"పుల్ల బాగా కాలింది, బాబూ."