గౌరికి లోను ఇప్పిస్తానన్న రోజు

కంబదూరు పక్క ఒక ఊరుంది. పేరు చెప్పను. చెప్తే మీరు పోతారు, పోతే నా గురించి అడుగుతారు, అడిగితే అక్కడి ఆడోళ్ళు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వుతారు. చల్లగా సాగిపోతున్న ఒక ముసలోళ్ళ సంసారానికి పట్టపగలు నిప్పుపెట్టి, ఆ ఇంట్లోనే సంగటి తిని, మజ్జిగ కూడా తాగి వచ్చిన మహానుభావుణ్ణి నేను. ఇంత ఘనకార్యం ఎట్ల చేసినానో చెప్తా, వినండి.

అప్పటికి నాకు మీసాలు సరిగా రాలేదు గానీ సైకాలజీలో ఎమ్మే మాత్రం వచ్చేసింది. అనంతపురంలో మాది బట్టల అంగడి. "సైకాలజీ అంటే ఏందిరా, పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా?" అని మా నాయన. "కాదు నాయనా, మనిషి మనసు చదివే శాస్త్రం" అని నేను. "అంగడికొచ్చినోళ్ళు చీర కొంటారో, ఊరికే మడతలు విప్పించి పోతారో చెప్పు చూద్దాం" అన్నాడాయన. చెప్పలేకపోయినా. ఆ అవమానానికే హైదరాబాదులో ఒక మేడం దగ్గర పరిశోధనలో చేరిపోయినా.

మేడం పరిశోధన ఏమంటే, మనుషుల మనసుని వాళ్ళు పుట్టిపెరిగిన సంస్కృతి ఎట్ల మలుస్తుంది అని. ఒక దేశంలో మనిషి దిగులుగా ఉంటే తలుపేసుకొని ఒంటరిగా కూర్చుంటాడంట, ఇంకో దేశంలో పదిమందిని పోగేసుకొని ఏడుస్తాడంట. మరి దిగులు ఒకటేనా, వేర్వేరా? అది తేలాలంటే అన్ని చోట్లా ఒకే ప్రశ్న అడగాల: దూరమైపోయిన వాటిలో దేనికోసం మీ మనసు ఎక్కువగా తపిస్తుంది? మా సీమకు నన్ను పంపుతూ మేడం మూడు మాటలు చెప్పింది. "మనిషిని ఒంటరిగా అడుగు. విన్నది ఎవరికీ చెప్పకు. వాళ్ళు అననిది నువ్వు ఊహించుకోకు." ఆ మూడింటినీ నేను ఎంత శ్రద్ధగా విన్నానంటే, ఒక్కటి కూడా వదలకుండా అన్నీ తప్పినా.

ముందు ప్రశ్నతోనే తంటా వచ్చింది, అది ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు వాళ్ళకు 'మిస్' అని ఒక చిన్న మాటుంది, బస్సు తప్పిపోయినా, బిడ్డ మీద బెంగపడినా దాంతోనే సరిపెట్టుకుంటారు. దాన్ని నేను నా పాండిత్యమంతా పిండి, "మీరు దేనిని అత్యధికంగా కోల్పోతున్నారు?" అని తెలుగు చేసినా. ఊర్లో అడిగిన మొదటి పెద్దమనిషి చాలాసేపు ఆలోచించినాడు.

"మొన్న చెప్పు పోయింది సారూ. కుక్క ఎత్తకపోయింది. రెండోది ఉండాది, చూపీమంటావా?"

రెండో ఆయన, "శనక్కాయ పంట ఏటేటా పోతానే ఉండాది. రాసుకుంటే ఇన్సూరెన్సు వస్తాదా?" అన్నాడు.

మేడం దగ్గర ఒక పద్ధతుంది. మనం మార్చిన ప్రశ్నను, అసలు ప్రశ్న తెలియని ఇంకొకరికిచ్చి తిరిగి ఇంగ్లీషులోకి మార్పిస్తారు. నాది మార్పిస్తే, "మీ ఇంట్లో దొంగలు ఏమేం ఎత్తుకెళ్ళారు?" అని తేలింది. మేడం ఫోన్లో ఏమన్నదో ఇక్కడ రాయను, మీ ఇంట్లో పిల్లలుంటారు.

అదృష్టం బాగుండి ఆ సాయంత్రం సువార్తమ్మ అనే ఆమె గుమ్మంలో నిలబడి, బెంగళూరులో కూలికి పోయిన కొడుకుతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నా. "నీ మింద పానం కొట్టుకుంటాందిరా. ఊరికే, ఏం లేదు, తిన్నావా?" అంటోంది. ఇంకేం! మాట దొరికింది. మరుసటి రోజు నుంచి, "దేని మింద పానం కొట్టుకుంటాంది?" అని అడిగితే ఒక్కొక్కరూ మూత తీసిన కుండలైపోయినారు.

కానీ ఒంటరిగా అడగడం మాత్రం నా తరం కాలేదు. ఒకామెను అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే తోడికోడలు జవాబు చెప్పేది, ఆ జవాబును అత్త దిద్దేది, దారినపోయే ఆయన సైకిలు ఆపి, "అది కాదులే సారూ, ఆమె పానం కొట్టుకునేది పుట్టింటి మింద" అని తీర్పిచ్చేవాడు. "మీరు కొంచెం లేచి పోతారా?" అంటే, "ఏమప్పా, అంత గుట్టు యాముండాది? రోగం ఏమన్నా అడుగుతాండావా?" అని మరింత దగ్గరగా జరిగేవాళ్ళు.

ఏదేమైనా జవాబులు వచ్చినాయి. ఆశ్చర్యం ఏమంటే, మగోళ్ళలో చాలామంది పశువుల పేర్లే చెప్పినారు. వానల్లేక, మేత లేక, సంతకు తోలేసిన ఎద్దులు, ఆవులు. "రాముడని ఉండె సారూ, తాడు విప్పితే అదే చేనికాడికి పోయేది" అని ఒకాయన చెప్పి మొహం తిప్పేసుకున్నాడు. ఒకాయన ఎద్దును కట్టేసే కొయ్యను ఇంకా పీకలేదంట. వింటావుంటే నాకు బాధతో పాటు ఒక గొప్ప సిద్ధాంతం కూడా పుట్టుకొచ్చింది: ఈ కరువు సీమలో మగవాడి బెంగంతా పశువు మీదే! దీన్ని నేనే కనిపెట్టినా! విదేశాల్లో సభలు, మెడలో పూలదండ, మా నాయన అంగడి మూసేసి వచ్చి ముందువరసలో కూర్చోవడం, అన్నీ కనపడినాయి.

ఆ సిద్ధాంతం నెత్తిన పెట్టుకొని ఓబులేసు తాత దగ్గరికి పోయినా. గొర్లు మేపే మనిషి. ఊరి బయట రాళ్ళగుట్ట నీడలో, చుట్టూ గొర్లు తప్ప ఎవరూ లేకుండా, నా జీవితంలో మొదటిసారి ఒక మనిషి ఒంటరిగా దొరికినాడు.

"ఎవురికీ చెప్పవు కదప్పా?"

"ప్రాణం పోయినా చెప్పను తాతా."

తాత దూరంగా ఎండిన వాగువంక వైపు చూసినాడు. "గౌరి" అన్నాడు.

నేను పెన్ను తీసినా. "ఎట్లుండేది తాతా?"

"ఎట్లుండేదా? కాటిక పెట్టినట్ల కండ్లు. నడుస్తా ఉంటే దుమ్ము లేసేది కాదు. ఎవురు పిల్చినా తిరిగేది కాదు, నేను పిలిస్తే నిలబడేది. బాయికాడికి పోతే నా ఎనకే వచ్చేది."

"మరి ఏమైంది?"

"ఏమవుతాదప్పా. కరువు. ఇంట్లో అందరికీ గంజికే లేకపాయ. ఈడ ఉంటే ఎండిపోతాది, నీళ్ళుండే పక్కకు పంపితే బతుకుతాదని గార్లదిన్నె పక్క ఇచ్చేసిరి. పసుపు పూసి, బండి ఎక్కించినారు. మలుపు తిరిగేదాకా ఎనక్కి చూస్తానే ఉన్నింది."

నా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. "ఎంతకిచ్చినారు?" అన్నా. తాత నన్ను ఎగాదిగా చూసి జవాబు చెప్పలేదు. పాపం, గొంతు పూడుకుపోయింది అనుకున్నా.

"పిల్లలేమన్నా పుట్టినాయా తాతా?"

"ముగ్గురంట."

అయ్యా, అమ్మా, ఇక్కడ ఆగి నన్ను మనసారా తిట్టుకోండి. మూడు అనలేదు, ముగ్గురు అన్నాడు! తెలుగు తెలిసిన ఎవడైనా అక్కడ ఉలిక్కిపడాల. నేను ఉలిక్కిపడలేదు, పులకరించినా. 'దూడల్ని కూడా మనుషుల్లాగా లెక్కబెట్టే సంస్కృతి! ఆహా!' అని రాసుకొని కింద గీత కూడా గీసుకున్నా. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పోవడానికి ముందు ఉండాల కదా.

ఆ మధ్యాహ్నం ఓబులేసు తాత ఇంట్లోనే నాకు భోజనం. తాత ఇంకా గొర్ల దగ్గరే ఉన్నాడు. ఆయన భార్య నారాయణమ్మవ్వ సంగటి ముద్ద పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసి, ఎదురుగా కూర్చొని విసురుతా ఉంది. పక్కన సువార్తమ్మ, కోడలు, ఇంకా ఆ వీధిలో పని లేనోళ్ళు, పని ఉన్నోళ్ళు. చెప్పకూడదని నాకు తెలుసు. కానీ ఆవుకు గుట్టేముంది? ఒక ముసలాయన గుండెకోత తీర్చే పుణ్యం ఎదురుగా ఉంటే ఊరుకోవాలనా?

"అవ్వా, తాత గౌరి మీద బెంగ పెట్టుకొని ఉన్నాడు" అన్నా.

విసనకర్ర ఆగింది. "ఎవురి మింద?"

"గౌరి అవ్వా. గార్లదిన్నె పక్క ఇచ్చేసినారంట కదా. మళ్ళీ తెచ్చుకోకూడదా?"

"ఈడికా?"

"ఆ గౌరి ఇప్పుడు ముసలిదైపోయి ఉంటుందిలే. అట్లాంటిదే ఇంకొకటి, చిన్న వయసుది చూసుకుంటే సరి. ఇంటికి కళగా ఉంటుంది."

కోడలు చేతిలో చెంబు కింద పడింది. నేను అది చెంబు తప్పనుకున్నా.

"ఈ వయసులో ఆయప్పకు అదొకటి ఎందుకు నాయనా?" అంది అవ్వ, గొంతు బాగా తగ్గించి.

"వయసుతో పనేముంది అవ్వా? తాతకు తోడుగా ఉంటుంది. నీకేం ఇబ్బంది? పెరట్లో ఒక మూల కట్టేస్తే పడుంటుంది. దుడ్లు లేవంటావా, బ్యాంకులో లోను నేను ఇప్పిస్తా."

"యేసయ్యా!" అని సువార్తమ్మ గుండెమీద చెయ్యేసుకుంది. "దానికి లోను కూడా ఇస్తాండారంటనా!"

నారాయణమ్మవ్వ లేచి నిలబడింది. "నాయనా, మా ఇంట్లో ఆవు ఏ కాలాన కూడా లేదు. మావన్నీ గొర్లే. గౌరి మా ఆయప్ప మేనమామ కూతురు."

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. ఆవే లేని చేలో దూడనై నేనొక్కణ్ణే మేసేసినా! నోట్లో సంగటి మింగుడు పడలేదు, కక్కుడు పడలేదు. అవ్వ ఆ స్థితిలో కూడా, "మజ్జిగ తాగు, పొలమారుతాది" అని గ్లాసు పెట్టి లోపలికి పోయింది.

తాత గొర్లు తోలుకొని ఇంటికొచ్చేలోపల కథ ఊరంతా తిరిగొచ్చింది. ఆయన కాళ్ళు కడుక్కొని కూర్చుంటే అవ్వ కంచం తెచ్చి ముందర పెట్టింది. కంచం నిండా ఎండు శనక్కాయ కట్టె. పశువులకు వేసే మేత.

"ఏందిది?"

"గౌరికి. నువ్వు తినగా మిగిలింది పెట్టు."

తాత కంచాన్ని చూసినాడు, నన్ను చూసినాడు. అంతా అర్థమైపోయింది. టవాలు భుజానేసుకొని బయటికి నడిచినాడు. నేను కుక్కపిల్లలాగా ఎనకే పోయినా. వీధి చివర ఎవరో "అంబా" అన్నారు. ఊరు నవ్వింది.

రాళ్ళగుట్ట దగ్గర కూర్చున్నాక, "ఎవురికీ చెప్పనంటివి కదప్పా" అన్నాడు. కోపంగా అనుంటే బాగుండేది.

"ఆవు అనుకున్నా తాతా. తప్పయిపోయింది."

తాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అని హడలిపోయినా. నవ్వుతున్నాడు! "పెరట్లో కట్టేస్తే పడుంటాదంటివా? గౌరినా? అది ఈ మాట ఇనుంటే నిన్ను పొడిచేసి ఉండు కదప్పా!" నవ్వి నవ్వి టవాలుతో కండ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటా తుడుచుకుంటా నవ్వు ఆగిపోయింది. "ఆవై ఉంటేనే బాగుండు. ఏదో ఒక సంతలో అన్నా మళ్ళీ కనపడుండు."

వంకలో నీళ్ళు లేవు, ఆకాశంలో మబ్బు లేదు, ఆ మాట మాత్రం మా ఇద్దరి మధ్య తడితడిగా ఉండిపోయింది. నాకూ హాస్టలు రోజుల నాటి పేరొకటి గొంతుదాకా వచ్చింది. నన్నెవరూ అడగలేదు కాబట్టి మింగేసినా.

మరుసటి పొద్దున సంచి సర్దుకొని బస్సుకు పోతుంటే నారాయణమ్మవ్వ గుమ్మంలోనుంచి పిలిచింది. తిట్లకు సిద్ధపడి పోయినా.

"అందర్నీ అడిగితివి. నన్ను అడగవా?"

"అడుగుతా అవ్వా."

"అట్లయితే వీళ్ళను పొమ్మను." నేను నెలరోజులు బతిమాలినా కదలని ఆ వీధి, ఆమె ఒక్కసారి కండ్లెర్రజేస్తే ఖాళీ అయిపోయింది. అవ్వ అరుగు మీద సర్దుకొని కూర్చుంది. పెరట్లో తాత గొర్లకు నీళ్ళు పెడుతూ, ఒక మొండి పొట్టేలుతో ఏదో పోట్లాడుతున్నాడు.

"దేని మింద పానం కొట్టుకుంటాంది అవ్వా?"

ఆమె చీరకొంగు అంచును వేళ్ళతో మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. ముసలి మొహంలో ఎక్కడినుంచో పదహారేండ్ల పిల్ల ఒకసారి తొంగిచూసి పోయింది.

"రంగడు" అంది.

నేను పెన్ను కింద పెట్టేసినా. ఈసారి ఊహించుకోదలచలేదు. "మనిషే కదా అవ్వా?" అన్నా మెల్లగా.

అవ్వ పెరటి వైపు చూసింది. తాత వినడంలేదని నిర్ధారించుకొని నా వైపు వంగింది.

"ఎద్దని రాసుకో నాయనా."

అట్లే రాసుకున్నా. ఇందుమూలముగా సమస్త పాఠక మహాశయుల ముందు, మా అంగడి గజంబద్ద సాక్షిగా, కంబదూరు ఎర్రబస్సు సాక్షిగా నేను చేయు ప్రతిజ్ఞ ఏమనగా: ఇక ఈ జన్మలో ఎవరి మనసులో ఉన్న పేరుకూ కొమ్ములు మొలిపించను, తోక తగిలించను, లోను ఇప్పించను. ఎవరైనా తమంతట తామే ఎద్దని చెప్తే మాత్రం, ఏ రంగు ఎద్దని కూడా అడగను.