క్షతగాత్రుడిగా మూడు ఊళ్లు

ఈ ప్రయాణానికి కారణం నా బరువు. ఎనభై నాలుగు కిలోలు.

బచ్చన్నపేటలో తహసీల్దారు ఆఫీసు ఎదురుగా జిరాక్సు కొట్టు నాది. పోయిన ఏడాది విపత్తుల్లో సాయపడే వాలంటీర్లు కావాలంటే, టీషర్టు, బూట్లు ఇస్తారని తెలిసి పేరిచ్చాను. శిక్షణలో నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్లు తిరిగాయి. తాడుకు ముడి వేస్తే నా వేలే అందులో ఇరుక్కుంది. దాన్ని విడిపించడానికి ఇద్దరు కావలసి వచ్చారు. మా శిక్షకుడు సత్తయ్య సార్, ఫైరింజన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, నన్ను పైనుంచి కిందికి చూసి తేల్చేశాడు.

"నువ్వు ఎవర్నీ మొయ్యలేవు గని, నిన్ను మోసినోడు ఎవర్నన్న మోస్తడు."

అలా నేను కాపాడేవాళ్ల వరసలోంచి క్షతగాత్రుల వరసలోకి మారాను. మాక్ డ్రిల్ ఎక్కడ జరిగినా మెడలో కార్డు వేసుకుని పడుకుంటాను. నాకు తగిలిన దెబ్బ ఏదో కార్డు మీద రాసి ఉంటుంది. దాన్నిబట్టి అరవాలి. అరవడంలో నాకు మంచి పేరే ఉంది.

ఈ ఏప్రిల్‌లో మూడు రోజులు, మూడు ఊళ్లు అని కబురొచ్చింది. జనగామలో, మహబూబాబాదులో సాధన, భూపాలపల్లిలో అసలు పరీక్ష. మూడు జిల్లాల నుంచి మూడు జట్లు. నెగ్గిన జట్టు ఊరికి వానాకాలం రాకముందే ఒక కిట్టు ఇస్తారు. అందులో తాళ్లు, లైఫ్ జాకెట్లు, స్ట్రెచర్, టార్చిలైట్లు ఉంటాయి. ఉన్నది ఒక్కటే కిట్టు.

మొదటి రోజు ఉదయం 6.40కి బస్సెక్కాం. మా జట్టు పెద్ద రమేశన్న, ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్. దారంతా కిట్టు పెట్టడానికి తన షెడ్డులో ఎక్కడ చోటుందో వివరిస్తూనే ఉన్నాడు. మా మండలంలో మనిషి మునిగేంత నీళ్లు చెరువులో చూసి చాలా కాలమైందని నేను గుర్తు చేస్తే, "నీళ్లు రాకపోతయా? వచ్చినప్పుడు కిట్టు కోసం ఉరుకుతమా?" అన్నాడు. జవాబు బాగానే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఎనిమిదింటికి జనగామ. బస్టాండు ఎదురుగా పూరీ తినండి, దోసె జోలికి పోకండి. తొమ్మిదిన్నరకు మార్కెట్ యార్డు గోదాములో డ్రిల్. తడి గడ్డి కాల్చి పొగ పెట్టారు. నా కార్డు మీద "పొగ పీల్చాడు, మెల్లగా మూలగాలి" అని ఉంది. పత్తి బస్తాల వెనక పడుకున్నాను. రమేశన్న జట్టు నన్ను దాటి రెండుసార్లు పోయింది. నా మూలుగు వాళ్ల విజిళ్లలో కలిసిపోయింది. మూడోసారి మా ఊరి మీద ప్రేమ పొంగి, గట్టిగా దగ్గాను. వెంటనే దొరికాను! ఏడు నిమిషాల్లో బయటికి తెచ్చారని చప్పట్లు కొట్టారు. రమేశన్న నాకు నాలుగు మిర్చీలు ఇప్పించాడు. సత్తయ్య సార్ మాత్రం నన్ను చూసి మీసం నిమురుకున్నాడు.

మధ్యాహ్నం 2.20కి రావలసిన ప్యాసింజరు 3.05కి వచ్చింది. సాయంత్రం ఆరుంబావుకు మహబూబాబాదులో దిగాం. బోర్డు మీద ఆ పేరే ఉంటుంది గానీ, ఆటో మాట్లాడేటప్పుడు మానుకోట అనాలి. స్టేషన్ దగ్గర లాడ్జి. ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి ఇవ్వదు.

రెండో రోజు ఉదయం ఎనిమిదింటికి ఊరి బయట చెరువులో డ్రిల్. ఈసారి కార్డు మీద "మునుగుతున్నాడు" అని ఉంది. లైఫ్ జాకెట్ తొడిగి నన్ను నీళ్లలోకి పంపారు. నేను చేతులు కొట్టుకుంటూ, "అమ్మా, బాపూ, పోతున్న" అని ప్రాణాలన్నీ గొంతులోకి తెచ్చుకుని అరుస్తుంటే, ఒడ్డున బట్టలుతుకుతున్న ఒక అవ్వ తలెత్తింది.

"లేసి నిలవడు బిడ్డా. మోకాలంత నీళ్లే అవి."

నిలబడి చూశాను. మోకాలంతే. నా కళాజీవితంలో అంత నిష్పాక్షికమైన విమర్శ ఎప్పుడూ ఎదురుకాలేదు.

అందరూ నవ్వారు. గట్టు మీద తాడు పట్టుకుని నిలబడ్డ ఒకామె తప్ప. ఆమె కమ్లి, మానుకోట జట్టు పెద్ద. ముప్పై ఏళ్లుంటాయి, సన్నగా ఉంటుంది. వాగు పక్కన ఒక తండాలో ఉంటుంది, కూలికి పోతుంది. ఆమె మరిది, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు జట్టులో ఉన్నారు. వాళ్లలో వాళ్లు లంబాడీలో మాట్లాడుకుంటారు, మాతో తెలుగులో. నేను నిలబడ్డాక కూడా ఆమె తాడు విసిరింది. అది వచ్చి సరిగ్గా నా ముక్కు మీద పడింది.

"నిలవడ్డ గదక్కా," అన్నాను.

"నా చెయ్యికి తెల్వాలె గద తమ్మి, ఎంత దూరం పోతదో," అంది. తాడు చుట్టుకుని మళ్లీ విసిరింది.

పదకొండు యాభైకి వరంగల్ బండి. రమేశన్న వాళ్లకు కిటికీ పక్కన సీట్లు దొరికాయి. నేను కమ్లి జట్టు ఎదురుగా ఇరుక్కున్నాను. వాళ్లు జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు విప్పారు. నాకూ ఒక రొట్టె పెట్టారు. తిన్న ఉప్పుకు ఏదైనా చేయాలనిపించి, జనగామ దగ్గు సంగతి గొప్పగా చెప్పాను.

"భూపాలపల్లిల నీ కోసం గూడ ఒక దగ్గు దగ్గుత అక్కా. చిన్నది. ఎవ్వరికీ తెల్వదు."

ఆమె రొట్టె నమలడం ఆపింది.

"పోయిన వానకాలం వాగు మా ఇండ్లల్లకు వచ్చింది," అంది. "మిద్దెల మీదికెల్లి అందరు ఒర్రుతున్నరు. నా చేతుల తాడుండె. యాడ అరిస్తె ఆడికి ఇసిరిన. పద్నాలుగు మందిని గుంజినం. పక్కింట్ల ఈరి అని ఒక ముసలవ్వ ఉండె. ఆమె అరవలె. నేను అటు పోలె."

"దొరికిందా?" అన్నాను.

"దొరికింది. రెండు రోజులకు." రొట్టెను సగానికి తుంచి పక్కామెకు ఇచ్చింది. "ఆమె దగ్గలె తమ్మి. అందరు దగ్గుతరా? గా కిట్టు మాకు గావాలె. గని నువ్వు దగ్గితె వచ్చేది గాదు."

నెక్కొండలో బండి ఆగితే, నాకు టీ తాగాలని లేకపోయినా దిగి అందరికీ టీలు తెచ్చాను.

వరంగల్లో దిగి హన్మకొండ బస్టాండుకు ఆటో, అక్కడి నుంచి 4.10కి భూపాలపల్లి బస్సు. పరకాల మీదుగా పోతుంది. ఎండపూట ప్రయాణిస్తే కుడివైపు కూర్చోండి, ఎడమవైపు కూర్చుంటే నాలాగా ఒక చెంప నల్లగా దిగుతుంది. రేగొండ దాటాక బొగ్గు లారీలు మొదలవుతాయి. ఏడింటికి చేరాం. ఒక ఫంక్షన్ హాల్లో బస. రమేశన్న నా చాప పక్కన చాప వేసుకుని, "రేపు యాడ పండుకుంటవో గని, దగ్గు మర్చిపోకురా," అన్నాడు. నేను నిద్రపోయినట్టు పడుకున్నాను. పడుకోవడమే కదా నా వృత్తి.

మూడో రోజు పొద్దున ఏడింటికి సత్తయ్య సార్ అందరి ముందూ, "నరేషూ, ఊళ్లకు పోయి నలభై ఇడ్లీలు పట్టుకరా," అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఇడ్లీల కోసం పోవడం అందరికీ సహజంగా తోచింది. మలుపు తిరగ్గానే సార్ వెనకనుంచి వచ్చి నన్ను పట్టుకుని, ఖాళీగా ఉన్న ఒక పాత హాస్టల్ భవనంలోకి తీసుకుపోయాడు. స్టోర్ రూములో విరిగిన బెంచీలు, చిరిగిన పరుపుల మధ్య పడుకోమన్నాడు. మెడలో కార్డు వేశాడు. దాని మీద "స్పృహ లేదు" అని ఒక్క ముక్కే.

"దగ్గితె నువ్వు బతికినట్టె," అన్నాడు. "జనగామల నీ దగ్గు ఇన్న. ఈడ దగ్గకు."

ముందు గదుల్లో ఇద్దరు స్థానిక కుర్రాళ్లు క్షతగాత్రులు. అరిచే కార్డులు వాళ్లవి. లోపల ఎంతమంది ఉన్నారో జట్లకు చెప్పరు. పన్నెండు నిమిషాలు గడువు. పొగ పెట్టారు. రాసిపెట్టిన మాట ఒక్కటీ లేని పాత్ర నాకిదే మొదటిసారి. బల్లి ఒకటి నా మీదుగా పోయింది. దానికీ నేను సామానులాగే కనిపించి ఉంటాను.

మొదట మా ఊరి జట్టు. విజిళ్లు, కేకలు. ముందు గదిలో కుర్రాడు ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడు, అతణ్ణి మోసుకుపోయారు. రెండోవాణ్ణి మోసుకుపోయారు. తర్వాత రమేశన్న స్టోర్ రూము తలుపు తోశాడు. టార్చి వెలుగు నా కడుపు మీద ఒక్క క్షణం ఆగింది. గొంతులో దగ్గు సిద్ధంగా ఉంది. చిన్ననాటి నుంచి నాకు సైకిలు బాగుచేసిన మనిషి. పళ్ల మధ్య నాలుక బిగబట్టాను.

"ఏం లేదురా, పరుపులున్నయ్," అని వెళ్లిపోయాడు.

తొమ్మిది నిమిషాలు! బయట ఈలలు, చప్పట్లు. కుర్రాళ్లు మళ్లీ వచ్చి పడుకున్నారు. రెండో జట్టు, భూపాలపల్లి వాళ్లు, పదిన్నర నిమిషాల్లో ముగించారు. వాళ్లలో ఒకతను నా చేయి తొక్కి, "సారీ" కూడా చెప్పాడు. ఎవరికి చెప్పానా అని మాత్రం ఆగి చూడలేదు.

మూడోది కమ్లి జట్టు. మొదటి కుర్రాణ్ణి పట్టుకున్నారు. అతను అరుస్తూనే ఉన్నాడు. ఆమె గొంతు వినిపించింది.

"ఆగు. జర ఆగు. లోపట ఇంకెంతమంది ఉన్నరు?"

అరుపు ఆగింది. అతను తన కార్డు తిప్పి చూసుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

"నా కార్డుల గది రాయలేదక్కా."

"కార్డుల లేకుంటె మనిషి లేడా? నీ కండ్లతోని ఎవర్నన్న చూసినవా?"

"రెండోవాడు పక్క గదిల ఉన్నడు. ఇంకొకాయన స్టోర్ రూముల ఉన్నడక్కా. లావుగుంటడు. పొద్దుగాల ఇడ్లీల కోసం పోతున్నడన్నరు, ఆయన్నే. ఇందాకటి రెండు జట్లోళ్లూ ఇడిసిపెట్టి పోయిండ్రు."

ఆమె తన వాళ్లకు ఏదో చెప్పింది, విజిళ్లు ఆగిపోయాయి. మరిదిని రెండోవాడి కోసం పంపి తను నా దగ్గరికి వచ్చింది. టార్చి వేసి ఊరుకోలేదు. మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్క పరుపునూ చేత్తో తడిమింది. మూడో పరుపు నేను. నా ముక్కు దగ్గర చేయి పెట్టి చూసి, పక్కామెతో కలిసి నన్ను దుప్పటి మీదికి దొర్లించింది. ఎనభై నాలుగు కిలోలు. నేను ఒక్క వేలు కూడా సాయం చేయలేదు. ఇద్దరూ రొప్పుతూ లాగుతున్నారు. గడప దగ్గర నా తల టక్కున కొట్టుకుంది. అయినా నోరు విప్పలేదు. బయట వెలుతురు తగిలాక కూడా కళ్లు మూసుకునే ఉన్నాను, ఆమె నా చెంప మీద కొట్టి, "అయిపోయింది, లే తమ్మి," అనేదాకా.

పద్నాలుగు నిమిషాలు. గడువు దాటి రెండు.

"టైం అంటె టైమే గద సార్," అన్నాడు రమేశన్న. అప్పుడు నన్ను చూశాడు. "వీడేంది, ఇడ్లీలు తేలేదా?"

సత్తయ్య సార్ అట్టకు బిగించిన కాగితం నా చేతికిచ్చాడు. "కింద బాధితుడి మాట అని ఒక గడి ఉన్నది. ఎవడూ నింపడు. నువ్వు నింపు."

ముప్పైమంది నా వైపు చూస్తున్నారు. కమ్లి చూడటం లేదు. నేల మీద కూర్చుని, దుప్పటి లాగి ఎర్రబడ్డ చేతులు చూసుకుంటోంది. రోజూ వందల అర్జీలు జిరాక్సు తీస్తాను గానీ, ఒక్క ముక్క రాయడానికి అంత సేపు ఎప్పుడూ పట్టలేదు. ఇలా రాశాను:

మొదటి జట్టు: తొమ్మిది నిమిషాలు. నేను చనిపోయాను.
రెండో జట్టు: పదిన్నర నిమిషాలు. నేను చనిపోయాను, చేయి కూడా తొక్కారు.
మూడో జట్టు: పద్నాలుగు నిమిషాలు. తలకు బొప్పి కట్టింది. బతికాను.

సార్ పైకి చదివాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రమేశన్న నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు మా ఊరోడివేనారా?"

"మీ ఊరోణ్ణే అన్నా. అందుకే మొదలు మీ చేతులల్లనే సచ్చిన."

అతను స్టోర్ రూములోకి ఒక్కడే పోయి, ఆ పరుపులు చూసి వచ్చాడు. కిట్టు కమ్లి జట్టుకు ఇస్తున్నట్టు సార్ చెప్పేసరికి అభ్యంతరం ఏమీ లేవలేదు. కాకపోతే, పన్నెండు నిమిషాల్లోకి రావడం నేర్చుకోవాలని ఆమెకు గట్టిగానే చెప్పాడు సార్. ఆమె తలూపింది.

ఒంటిగంటా పదికి తిరుగు బస్సు. కిట్టు సంచి ఇద్దరు మోసేంత ఉంది. ఒక కొస రమేశన్నే పట్టుకుని బస్సెక్కించాడు. కండక్టరు ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టి, సంచి మీద చేయి వేసి, "ఇది ఆడమనిషా, మొగమనిషా?" అన్నాడు.

"లగేజీ టికెట్ నేను తీసుకుంట గని, ముందు మమ్ముల్ని కూసోనియ్యి," అన్నాడు రమేశన్న.

వరంగల్ స్టేషన్లో దారులు వేరయ్యాయి. వాళ్ల బండి ముందు వచ్చింది. ఎక్కే ముందు కమ్లి నన్ను పిలిచింది.

"వానలు పడకముందే మా తండాకు రా తమ్మి. మళ్ల పండుకోవాలె."

"ఎక్కడ పండుకోవాలె అక్కా?"

"నాకు చెప్పకు. మావోళ్లు అరిసేటోళ్ల దిక్కే ఉరుకుతరు. జర అలవాటు గావాలె."

సరేనన్నాను. బండి వాళ్లను తీసుకుని కదిలింది.

ఈ మూడు ఊళ్ల గురించి అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. జనగామలో గోదాము రేకులు, మానుకోటలో లాడ్జి ఫ్యాను, భూపాలపల్లిలో సాలెగూళ్లు చూశాను. వెల్లకిలా తిరిగే యాత్రికుడికి అంతకన్నా కనిపించదు. మీరు నడిచి తిరగండి, ఇంకా బాగుంటాయి.

6.35కి మా బండి. ఎదుటి సీటు పెద్దాయన నా బొప్పి చూసి, "యాడికి పోయొస్తున్నవ్ బిడ్డా, ఏమైంది తలకాయకు?" అన్నాడు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది, పైగా జనగామ ఇంకా గంట దూరం. నవ్వి ఊరుకున్నాను. తండాలో అరగంట నోరు మూసుకుని పడుకోవాలి. సాధన ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.